అమ్మ ప్రాజెక్టుకి చప్పట్లు

ప్రశ్న: పదో తరగతి చదువుతున్నాను. ఏ అసైన్‌మెంట్ ఇచ్చినా ఆఖరి రాత్రి దాకా ముట్టుకోను. పదకొండింటికి పుస్తకాల ముందు కూర్చుని ఏడుస్తుంటే అమ్మ వచ్చి ‘నువ్వు పడుకోవే, నేను చూసుకుంటాలే’ అని తనే రాసేస్తుంది, బొమ్మలు కూడా వేసేస్తుంది. పోయిన నెల నా సైన్స్ ప్రాజెక్టుకి క్లాసంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు. ఈ వాయిదా అలవాటు పోవాలంటే టైంటేబుల్ ఎలా వేసుకోవాలి?

జవాబు: టైంటేబుల్ వద్దు తల్లీ. గళ్లు గీసి గోడకి అంటించినవి ఇప్పటికే రెండుమూడు ఉండే ఉంటాయి. రాత్రి పదకొండింటికి అమ్మ వస్తుందన్న సంగతి వాటిలో ఎక్కడా రాసి ఉండదు. అది నీకు ముందే తెలుసు గనకే వారమంతా నిబ్బరంగా ఉంటున్నావు. గట్టెక్కించే మనిషి ఇంట్లో ఉంటే ఎవరైనా అంతే.

అమ్మ మీద కోపం తెచ్చుకోకు. నీ చిన్న క్లాసుల్లో అట్టలు కత్తిరించడానికి చెయ్యి వేసి ఉంటుంది, ఇక చాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అయినా ఒక మాట ఖరాఖండిగా చెప్తాను: ఇంకొకరి కష్టానికి వచ్చిన పదికి పది కన్నా సొంతంగా తెచ్చుకున్న ఆరు నయం. చప్పట్లకి తల దించుకున్నదానివి, నీకూ తెలుసు.

కనక ముందు తేల్చుకోవలసింది అమ్మతో. ఆఖరి రాత్రి మొదలుపెడితే గొడవే అవుతుంది. కొత్త అసైన్‌మెంట్ ఇచ్చిన సాయంత్రమే చెప్పు: “అమ్మా, ఈసారి పెన్ను నా చేతిలోనే ఉంటుంది. గడువుకి రెండు రోజుల ముందు నీకు చదివి వినిపిస్తా. అర్థం కాని చోట నన్ను అడుగు, రాసి మాత్రం పెట్టకు.” ఆమెకి వినే పని తప్పకుండా ఇవ్వు. సాయం వద్దంటే తననే వద్దన్నట్టు వినబడుతుంది తల్లులకి.

ఇక పని. మొదటి రోజు ఇరవై నిమిషాలు చాలు. ప్రశ్నని నీ చేత్తో రాసుకుని ‘వివరించు’ అన్నారో ‘పోల్చు’ అన్నారో చూసి ఆ మాట కింద గీత గీయి. పోల్చమంటే రెండింటి గురించీ విడివిడిగా చెరో పేజీ రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు బోలెడుమంది. తెలియనివన్నీ పక్కన రాసుకుని మర్నాడే టీచర్ని అడుగు. రెండో రోజు నుంచి చిత్తుప్రతి: ఫోన్ ఇంకో గదిలో పెట్టి 25 నిమిషాలు రాయి, 5 నిమిషాలు లేచి తిరుగు. ఆ రోజుకి ఆపేటప్పుడు వాక్యం సగంలో ఆపు, మర్నాడు ఎక్కడ మొదలెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. ఉపోద్ఘాతం ఆఖర్న రాయి, చెయ్యి బిగుసుకుపోయేది అక్కడే. బొమ్మలూ రంగులూ అన్నిటికన్నా చివర. శీర్షిక అక్షరాలకి నీడలు దిద్దుతూ సాయంత్రమంతా గడిపేసి, చదువుకున్నామనుకోవడం ఈ వయసులో మామూలే.

ఎంతసేపు పడుతుందో అంచనా వేసుకుని దానికి సగం కలుపు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో యూనివర్సిటీ విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అయిపోతుందన్నారు, 55 రోజులు దాటింది. రాత్రి చురుగ్గా ఉంటుందన్నది కూడా నమ్మకు. యవ్వనంలో నిద్రవేళని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే నిద్ర రాదు. కానీ 13 నుంచి 18 ఏళ్లవాళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, పొద్దున బడి గంట ఆగదు.

మొదటిసారి మార్కులు తగ్గుతాయి. అమ్మ ‘చూశావా’ అంటుంది. పెన్ను మళ్లీ ఆమె చేతికి పోయేది ఆ రోజే. అందుకని మూడు అసైన్‌మెంట్ల దాకా ఒప్పందం మారదని ముందే మాట తీసుకో. దిద్దిన కాగితాలు పట్టుకెళ్లి మార్కులు ఎక్కడ పోయాయో టీచర్ని అడుగు, అన్నీ కాదు, ఒక్క తప్పు వచ్చేసారి దిద్దుకో. ఎప్పుడైనా పదకొండైనా పని మిగిలిపోతే అయినంతవరకే ఇచ్చి, మిగతాది ఏ రోజు ఇస్తావో టీచర్‌కి తేదీతో సహా నువ్వే చెప్పు. అమ్మని లేపకు.