సాటా పోర్టులు చాలకపోతే ఏ కార్డు? దానికంటే ముందు ఏ కేబుల్?

మదర్‌బోర్డులో డిస్కులు తగిలించే 4 సాటా పోర్టులూ నిండిపోయాయి, ఇంకో 4 హార్డ్ డిస్కులు పెట్టాలి, పోర్టులు పెంచే కార్డుల్లో ఏది కొనమంటారు అని కదా అడిగారు.

ముందు బోర్డు మాన్యువల్ తీయండి. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో (సన్నటి ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డు మీదే బిగించే చోటు) ఎస్ఎస్‌డీ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. పోర్టు పోయిందని అనుకుంటాం గానీ, ఎస్ఎస్‌డీని రెండో ఎం.2 స్లాట్‌కి మారిస్తే చాలాసార్లు తిరిగొస్తుంది.

కొనక తప్పదంటే పెట్టె మీద పోర్టుల లెక్క వదిలేసి చిప్ పేరు చూడండి. 4 డిస్కులకు ఏఎస్ఎం1064 చాలు, పీసీఐఈ ఎక్స్1 స్లాట్‌లో (బోర్డు మీద అదనపు కార్డులు గుచ్చే స్లాట్లలో అతి చిన్నది) సరిపోతుంది. ఆ స్లాట్ పీసీఐఈ 3.0 తరానిదైతే సెకనుకు సుమారు 985 ఎంబీ వస్తుంది. ఒక్కో డిస్కు 200-250 ఎంబీ లాగినా ఇబ్బంది లేదు. పాత బోర్డుల్లో ఆ స్లాట్ 2.0 అయి ఉంటుంది, వేగం సగమే. మామూలు వాడకంలో తెలియదు, రెయిడ్ రీబిల్డ్ (కలిపి వాడే డిస్కుల్లో ఒకటి పోతే కొత్తదాంట్లో డేటా మళ్లీ నింపడం) రోజున తెలుస్తుంది. ముందుముందు డిస్కులు పెరుగుతాయనుకుంటే 6 పోర్టుల ఏఎస్ఎం1166 తీసుకోండి. అది రెండు లేన్లు (డేటా దారులు) వాడుతుంది కాబట్టి ఎక్స్4 లేదా అంతకంటే పెద్ద స్లాట్ ఖాళీగా ఉండాలి. 16, 20 పోర్టులని చవగ్గా అమ్మేవాటి జోలికి నేనైతే పోను. వాటిలో ఒకే పోర్టును చాలా డిస్కులకు పంచే పోర్ట్ మల్టిప్లయర్లు ఉంటాయి, ఒక డిస్కు మొరాయిస్తే పక్కవాటినీ లాక్కుపోతుంది.

అసలు ప్రమాదం కార్డులో లేదు, పవర్ కేబుల్‌లో ఉంది. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైన్ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. సాటా పవర్ కనెక్టర్ తట్టుకునేది 4.5 ఆంపియర్లే. అంటే ఒక సాటా కొసకి నాలుగు డిస్కులకు పవర్ పంచే స్ప్లిటర్ కేబుల్ తగిలిస్తే, స్విచ్ వేసిన ప్రతిసారీ 8 ఆంపియర్లు దాని మీద పడతాయి. స్ప్లిటర్ వాడాల్సే వస్తే మోలెక్స్ (పాత రకం, నాలుగు పిన్నుల పెద్ద పవర్ కనెక్టర్) నుంచి తీసుకోండి. అందులోనూ వైర్లను ప్లాస్టిక్‌లో పోతపోసిన రకం వద్దు. లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోతాయి. వైర్లు విడివిడిగా బయటికి కనిపించే రకం అడగండి. అన్నిటికంటే మేలు, పవర్ సప్లైతో పాటు వచ్చిన కేబులే. కేబుళ్లు ఊడదీయగలిగే మాడ్యులర్ సప్లై అయితే వేరే కంపెనీ కేబుల్ పొరపాటున కూడా పెట్టొద్దు. డిస్కు వైపు కొస ఒకటే, సప్లై వైపు పిన్నుల వరుస వేరు. 5 వోల్టుల చోట 12 వోల్టులు వెళ్తే డిస్కులన్నీ ఒక్క క్షణంలో పోతాయి.

బిగించేటప్పుడు విండోస్ ఉన్న డిస్కును బోర్డు పోర్టులోనే ఉంచి, డేటా డిస్కులను మాత్రమే కార్డుకు ఇవ్వండి. డ్రైవర్ విడిగా వేయనక్కర్లేదు. కొత్త డిస్కు కనిపించకపోతే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనిషియలైజ్ చేయండి. 2 టీబీ దాటితే జీపీటీ (పెద్ద డిస్కులకు పనికొచ్చే విభజన పద్ధతి) ఎంచుకోండి. అక్కడా లేదు, తిరుగుతున్న చప్పుడూ లేదంటే, పైగా అది ఎక్స్‌టర్నల్ పెట్టె విప్పి తీసిన డిస్కయితే, సాటా పవర్ కనెక్టర్ మూడో పిన్నుకు వచ్చే 3.3 వోల్టులే దాన్ని ఆపుతూ ఉండొచ్చు. మోలెక్స్‌లో ఆ లైనే ఉండదు కాబట్టి దాన్నుంచి పవర్ ఇచ్చి చూడండి.