లారీని కదిలే బలంగా పెడితే సరిపోదా?

20 మీటర్ల సింపుల్లీ సపోర్టెడ్ (రెండు చివర్లా ఊరికే ఆనించిన) వంతెన స్పాన్ మీద లారీ బరువుని కంప్యూటర్ మోడల్‌లో కదిలే బలంగా, అంటే స్ప్రింగులేవీ లేని ఉత్త బలంగా నడిపించాననీ, స్టాటిక్ లెక్కకీ దీనికీ పెద్ద తేడా రాలేదనీ, ఎంటెక్ ప్రాజెక్టు పోయినట్టేనా అనీ అడిగావు కదా తమ్ముడూ. టెన్షన్ పడకు, ఆ మోడల్‌లో వచ్చేది అంతే. స్పాన్ మొదటి సహజ ఫ్రీక్వెన్సీ (కదిపి వదిలేస్తే తనంతట తాను సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో అది) 5 హెర్ట్జ్ అనుకుంటే, దాన్ని స్పాన్‌తో గుణించి రెట్టింపు చెయ్యి: సెకనుకి 200 మీటర్లు, అంటే గంటకి 720 కిలోమీటర్లు. ఉత్త బలం బ్రిడ్జిని గట్టిగా ఊపాలంటే ఆ వేగానికి దగ్గర్లో ఉండాలి. మన లారీ 40లో పోతుంది, మధ్యలో వంగుడు ఐదారు శాతం పెరిగితే గొప్ప. అదే స్పాన్‌కి ఐఆర్‌సీ 6లో (మన రోడ్డు వంతెనల లోడ్ల కోడ్) క్లాస్ ఏ లోడుకి (అందులోని ఒక ప్రామాణిక వాహనాల వరుస), కాంక్రీటు బ్రిడ్జి అయితే ఇంపాక్ట్ (ఊపు కోసం అదనంగా కలిపే భాగం) 4.5/(6+స్పాన్), అంటే 17 శాతం పైనే.

మరి ఊపు ఎక్కడిది? నాకది శ్రీకాకుళంలో చదివేటప్పుడు టెక్కలి వైపు ఒక చిన్న వంతెన దగ్గర తెలిసింది. గ్రానైటు రాళ్ల లారీలు పోయే దారి. యాక్సిలరోమీటర్ (ఊపు కొలిచే పరికరం) పెట్టుకుని ఎండలో కూర్చుంటే, ఒకేలాంటి లారీలు ఒకే వేగంతో పోతున్నా రీడింగులు పొంతన లేకుండా వచ్చేవి, పరికరం పాడైందనుకుని రెండుసార్లు మార్చాను కూడా. చివరికి టీ కొట్టతను చెప్పాడు, "ఎడం పక్కన పోయేవే దభీమంటాయి బాబూ" అని. చూస్తే అటువైపు అప్రోచ్ (వంతెన ఎక్కే ముందు రోడ్డు) కుంగి, వంతెనతో కలిసే జాయింట్ దగ్గర మెట్టులా ఉంది. ఎక్కకముందే లారీ ఊగడం మొదలెడుతోంది. బరువున్న లారీ బాడీ ఊగేది మామూలుగా రెండు మూడు హెర్ట్జ్, ఇరుసు ఎగిరేది 10 చుట్టుపక్కల, ఆ ఊపుతోనే స్పాన్ మీదికి వస్తుంది.

అందుకని స్ప్రింగు, డాంపరు (ఊపుని తగ్గించేది) ఉన్న క్వార్టర్ కార్ (ఒక చక్రం, దాని మీది బరువు మాత్రమే ఉండే చిన్న మోడల్) పెట్టు, బ్రిడ్జికి ముందు ఓ 50 మీటర్ల రోడ్డు కూడా మోడల్‌లో వెయ్యి, ఆ మెట్టుతో సహా. రోడ్డు మిగతా గరుకుతనానికి ఐఎస్ఓ 8608 అనే అంతర్జాతీయ ప్రమాణంలో తరగతులు ఉన్నాయి. త్రీడీ లారీ జోలికి ఇప్పుడే పోకు, నెలలు తినేస్తుంది.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. మోడల్‌లో స్ప్రింగులు బరువుకి నొక్కుకోకుండానే లారీని వదిలేశాను. బరువు ఒక్కసారిగా మీద పడి, చక్రం కింద బలం సున్నాకీ రెట్టింపుకీ మధ్య ఊగుతుంటే, అదే డైనమిక్ ఎఫెక్ట్ అని మురిసిపోయి గైడ్‌కి చూపించాను! ముందు స్టాటిక్‌గా కుదురుకోనిచ్చి తర్వాత కదిలించాలి.

ఇంకోటి, బలాన్ని నోడ్ (మోడల్‌లో స్పాన్‌ని ముక్కలు చేసిన బిందువు) నుంచి నోడ్‌కి గెంతించకు, మధ్యలో ఉన్నప్పుడు షేప్ ఫంక్షన్లతో (పక్క నోడ్లకి ఎంతెంత వాటానో చెప్పే సూత్రాలు) పంచు. కదలికని కొద్ది కొద్ది టైమ్ స్టెప్పులుగా లెక్కించే న్యూమార్క్ పద్ధతిలో బీటా అనే గుణకం పావు పెడితే టైమ్ స్టెప్ ఎంత పెద్దదైనా లెక్క పేలిపోదు గానీ, జవాబు తప్పుగా రావచ్చు. నేను 0.001 సెకను వాడాను, 40లో అది 11 మిల్లీమీటర్ల ప్రయాణం. సగం చేసి మళ్లీ నడుపు, గ్రాఫు కదలకపోతే అక్కడితో ఆపెయ్.