గూడ్సుబండి చివరిపెట్టె ఎక్కబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నీకు గూడ్స్ ట్రైన్ మేనేజర్‌గా సెలక్షన్ వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. నువ్వు చెప్పలేదు. ముప్పై ఏళ్లు అదే పని చేసిన మేనమామ విజయనగరంలో కూర్చుని ఉంటే, ఆ కబురు నాకు మీ అమ్మ నోట తెలియాలా? కోపం వచ్చిన మాట నిజం. ఫోన్ పెట్టేశాక మీ అత్తకి చెప్పబోతే మాత్రం గొంతు పూడుకుపోయింది.

మా రోజుల్లో గార్డు అనేవాళ్లు. 2022లో పేరు మార్చారు. పేరేదైనా పెట్టె అదే. బండికి చిట్టచివర, ఇంజినుకి అర కిలోమీటరు పైన దూరంలో, ఒక్కదానివే ఉంటావు.

బూట్లు మంచివి కొనుక్కో. టార్చిలు రెండు పెట్టుకో. మిగతావి ట్రైనింగులో చెబుతారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. చాలా బ్రేక్‌వ్యానుల్లో, అంటే మన చివరిపెట్టెల్లో, బాత్రూము ఉండదు. మగాళ్లం ఏదోలా నెట్టుకొచ్చాం. నువ్వు ఆ భయంతో నీళ్లు తాగడం మానేస్తావని నా టెన్షన్. మానకు. లూపులో, అంటే స్టేషనులో పక్కలైనులో, బండి ఆగినప్పుడు స్టేషన్ మాస్టరుకి చెప్పి వెళ్లిరా. ఇందులో సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. పెట్టెలో చోడిపిండి ఉంచుకో, వేడినీళ్లు దొరికితే అంబలి అవుతుంది. ఆరు గంటల్లో చేరతామని ఎక్కిన బండి పదహారు గంటలకు చేరిన రోజులు నాకు లెక్కలేవు.

ఎందుకంత ఆలస్యమంటావా? ఎక్స్‌ప్రెస్‌కి టైంటేబుల్ ఉంటుంది, గూడ్సుకి, ఏ బండి ఎప్పుడు కదలాలో చెప్పే కంట్రోలరు మధ్యలో ఇచ్చిన సందే టైంటేబుల్. రాయపూర్ వైపు నుంచి సరుకు బయల్దేరిందంటే రెండు రాష్ట్రాలు దాటాలి, డివిజన్లు మారాలి, దారిలో రెండు మూడు సార్లు డ్రైవరూ గార్డూ మారాలి. వెనక నుంచి మెయిలొస్తే నిన్ను లూపులోకి తోస్తారు. లూపులన్నీ ఇంచుమించు 686 మీటర్ల లెక్కన కట్టినవి, ఒక బండి పడితే నిండిపోతుంది. ముందు స్టేషనులో లూపు ఖాళీ లేకపోతే నువ్వు వెనక స్టేషనులోనే పడుండాలి. రెండు రేకులు, అంటే రెండు గూడ్సుల వ్యాగన్లు, కలిపి ఒకే బండిగా లాంగ్‌హాల్ నడుపుతున్నారు చూడు, అది ఈ మామూలు లూపుల్లో పట్టదు, కాబట్టి దానికి దారి ఇవ్వడానికి మిగతా గూడ్సులన్నీ పక్కకి తప్పుకోవాలి. పైగా పక్క డివిజనుకి ఎన్ని బండ్లు అప్పగించామన్న లెక్క అర్ధరాత్రితో ముగుస్తుంది. అందుకే పగలంతా నిన్ను పట్టించుకోని కంట్రోలు, రాత్రి పదిన్నరకి ఒక్కసారిగా "ఇంకా కదల్లేదా" అని అరుస్తుంది. వాళ్లని తిట్టుకోకు, వాళ్ల బల్ల మీద బండ్లు అలా ఇరుక్కుని ఉంటాయి.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, 1993లో నేను చేసిన తప్పు ఆ ఎదురుచూపుల్లోంచే పుట్టింది. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలియదు.

వానాకాలం. మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన సిమెంటు (ఛత్తీస్‌గఢ్ అప్పటికింకా పుట్టలేదు), పైకప్పున్న బీసీఎన్ వ్యాగన్లు నలభై. రాయగడలో మధ్యాహ్నం ఎక్కాను. పార్వతీపురంలో ఆపారు. బొబ్బిలిలో ఆపారు. గజపతినగరం లూపులో నాలుగు గంటలు. ఒక్కో మెయిలూ దాటిపోతుంటే కిటికీల్లో దుప్పట్లు కప్పుకుని నిద్రపోయేవాళ్లు కనిపిస్తారు, ఒళ్లు మండుతుంది. విజయనగరం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. సరుకు వెళ్లాల్సింది శ్రీకాకుళం వైపు. నీకు తెలుసుగా, రాయపూర్ లైనూ హౌరా లైనూ విజయనగరంలోకి ఒకే వైపు నుంచి వస్తాయి. అంటే బండిని తిప్పాలి. ఇంజిన్ ఊడదీసి వెనక్కి తేవాలి, బ్రేక్‌వ్యానుని అటు చివరికి మార్చాలి. ఆ షంటింగుకి ఇంకో గంటన్నర. అదయ్యేలోపు యార్డు నుంచి కబురు: వెంటనే కదిలితే నెల్లిమర్ల వైపు సందు ఉంది, లేకపోతే రెండు మెయిళ్లు దాటాకే.

డ్యూటీకి అది పద్నాలుగో గంట. నేను పరిగెత్తి పెట్టె ఎక్కాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. గొట్టంలో గాలి దిగితేనే వ్యాగన్లకి బ్రేకు పడుతుంది. అందుకే ఇంజిన్ తగిలించాక గాలి గొట్టాలు కలిపి, ఇంజిన్ వైపు కాకూ (గాలి కుళాయి) వ్యాగన్ వైపు కాకూ రెండూ తెరవాలి. ఆ రాత్రి వ్యాగన్ వైపుది తెరవలేదు. ఎవరు మరిచారో నేను అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. అది చూసుకోవడానికే గార్డున్నది. ఊడదీయకముందు ఇంజిన్ నింపిన గాలి వ్యాగన్లలో అలాగే బంధించి ఉంది. కాబట్టి నా పెట్టెలో గాలి ఒత్తిడి చూపే గేజీ చచ్చిపోలేదు, 4.7 దగ్గర నిలబడింది. ఇంజిన్లో 5 ఉంటే వెనక 4.8 ఉండాలి. "ఆ పాయింటు ఎంతసేపు, నిండుతుందిలే" అనుకున్నాను. డ్రైవరుని గాలి దించమని అడిగి, నా ముల్లు కిందికి పడటం కళ్లారా చూడాలి. ఆ తర్వాత నా పెట్టెలోని బ్రేకు వాల్వు నేను తెరిచి, అతని ముల్లు పడిందో లేదో తెలుసుకోవాలి. రెంటికీ కలిపి పది నిమిషాలు పట్టదు. మాకింకా వాకీటాకీలు రాలేదు, దీపం ఊపి చెప్పుకోవాలి, వాన పడుతోంది. నేను కాగితం మీద సంతకం పెట్టి పచ్చదీపం చూపించేశాను.

మూడు వేల టన్నుల పైన బరువు. బ్రేకు పనిచేసేది ఒక్క ఇంజినుకే.

డ్రైవరు పెద్దాయన. వేగం కాస్త అందుకోగానే అలవాటు ప్రకారం బ్రేకు పట్టి చూశాడు. వెనక బరువు ఆగడం లేదు, తోస్తోంది. నాకు పెట్టెలో తెలిసింది ఒక్కటే, ఎప్పుడూ వినని ఒక పొడవాటి హారన్. నా వాల్వు లాగేశాను. వ్యాగన్లలో బంధించిన గాలి బయటికి పోయి, అప్పుడు పట్టుకున్నాయి బ్రేకులు. పెట్టెలో నేను బెంచీ మీంచి ఎగిరి తలుపుకి కొట్టుకున్నాను. బండి నెల్లిమర్ల స్టేషనులోకి రానిచ్చే హోమ్ సిగ్నలుకి రెండు వ్యాగన్ల ఇవతల ఆగింది. సిగ్నల్ ఎర్రగా ఉంది. లోపల ఇంకో గూడ్సు నిలబడి ఉంది.

నేను వానలో ఇంజిన్ దాకా నడిచాను. ఆయన అప్పటికే దిగి కాకు చూస్తున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. బీడీ వెలిగించబోయాడు, చెయ్యి వణికి మూడు పుల్లలు పోయాయి. నాలుగోది నేను గీశాను, నాదీ వణికింది. తెల్లారాక ఇద్దరం రిపోర్టు రాశాం. నాకు ఇంక్రిమెంటు ఆగింది. మీ అత్తకి, బండి కుదుపుకి దెబ్బ తగిలిందని చెప్పాను. ఈ ఉత్తరం ఆవిడ కూడా చదువుతుంది, సరే.

ఆగి ఆగి ఉన్న మనిషి ఒక్కసారిగా కదలమంటే ఎంత తొందరపడతాడో నీకిప్పుడు అర్థం కాదు. పదో గంట దాటాక అర్థమవుతుంది. సందు పోతే పోనీ. కంట్రోలు అరిస్తే అరవనీ, "ముల్లు పడటం చూశాకే సార్" అను. తర్వాత నన్ను తిట్టుకో.

ఇంకో భయం ఉంది. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి, అలమండల మధ్య ముందు పోతున్న ప్యాసింజరుని వెనకొచ్చిన ప్యాసింజరు గుద్దింది. ఆ రాత్రి మీ అత్త టీవీ కట్టేసింది, నేను మళ్లీ పెట్టాను. బండిలో అందరికీ ప్రమాదం ముందునుంచి వస్తుందనిపిస్తుంది. గార్డుకి వెనకనుంచి. అందుకే చీకటి పడేలోపే బండి వెనకుండే ఎర్రదీపం, టెయిల్ ల్యాంపు, చూసుకో, బండి ఆగిన ప్రతిసారీ చూసుకో. రెండు స్టేషన్ల మధ్య సెక్షన్‌లో బండి ఇరుక్కుని వెనక కాపలాకి వెళ్లాల్సి వస్తే డిటొనేటర్లు (పట్టా మీద పెడితే చక్రం కింద పేలి, వచ్చే డ్రైవరుని హెచ్చరించేవి) 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 దగ్గర మూడు. ఆ దూరం అడుగులతో లెక్కపెట్టడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో, మీ వీధి చివర గుడి దాకా ఎన్ని అడుగులో చూడు. నడిచేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి. వేసవిలో కంకర పక్కన పాములుంటాయి. రాయగడ లైనులో ఎలుగుబంట్లు నేనే చూశాను. ఇది మీ అమ్మకి చెప్పకు.

గార్డులే లేకుండా చివరి వ్యాగనుకి ఒక యంత్రం తగిలించి నడుపుతామంటున్నారట. రానీలే. అదొచ్చేవరకు ఆ పని నీది. నువ్వు ఐదేళ్లప్పుడు మా ఇంటి మేడ మీద నిలబడి వ్యాగన్లు లెక్కపెట్టేదానివి, యాభై దాటితే తప్పేదానివి. ఇప్పుడు ఆ చివరిపెట్టె నీదంటే నాకు ఎలా ఉందో రాయడం రావడం లేదు.

ట్రైనింగుకి వెళ్లే ముందు ఆదివారం ఇంటికి రా. సిరిమాను చూసి వెళ్లమని అందును గాని, ఈ ఉద్యోగంలో పైడితల్లమ్మ పండగలు ఎన్ని పోతాయో నాకు తెలుసు. నా పాత టార్చి తుడిచి, కొత్త సెల్స్ వేసి ఉంచాను. స్విచ్చి కాస్త బిగుసుకుపోయింది, రెండుసార్లు నొక్కాలి.

మీ మావయ్య