యు తోడు లేని క్యూ

క్యూ ఉండి, దాని వెంట యు లేని ఇంగ్లీషు పదాల అర్థాలు ఎలా గుర్తుపెట్టుకోవాలని అడిగారు. బట్టీ పట్టకండి. నల్లగొండలో పెరిగినవాళ్లకు వాటిలో సగం చిన్నప్పటి నుంచే తెలుసు. ఇంగ్లీషు అక్షరాల్లో చూసినప్పుడు పోల్చుకోలేకపోతున్నాం, అంతే.

మొన్న వేసవిలో మా బావ, మేనకోడలు స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలతో ఇంగ్లీషు పదాలు పేర్చే ఆట) ఆడుతున్నారు. పిల్ల దగ్గర క్యూ ఉంది, యు లేదు. చాలాసేపు బిళ్లలు అటూ ఇటూ జరిపి, చివరికి ‘నికాబ్’ అని పేర్చింది: ఎన్, ఐ, క్యూ, ఎ, బి. “క్యూ తర్వాత యు లేకుండా పదమే ఉండదు, తీసేయమ్మా” అన్నాడు బావ. “ఎదురింటి ఖాలా రోజూ వేసుకునేదే కదా నాన్నా!” అంటూ బిళ్లల మీద చెయ్యి అడ్డం పెట్టింది. నిఘంటువు తెరిచాం. ముఖాన్ని కప్పే ముసుగు అని ఉంది. క్యూకు 10, మిగతావాటితో కలిపి అక్షరాలకే 16 పాయింట్లు.

బావ చెప్పిన ఆ నియమాన్ని బడిలో మనందరికీ నూరిపోశారు. పాత ఇంగ్లీషులో ‘క్వీన్’ను సైతం సి, డబ్ల్యుతోనే రాసేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి పద్ధతిలో క్యూ, యు జంట కుదురుకుంది. యు లేని పదాలు చాలావరకు బయటి భాషలవి. మన నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట దర్గా ఉర్సు చూసినవాళ్లకు ఖవ్వాలీ కొత్తా, ఫకీరు కొత్తా? నిఖా జరిపించే ఖాజీ, బురఖా, తలాక్ కూడా క్యూతో రాసేవే. ఖాజీ అంటే అసలు అర్థం న్యాయమూర్తి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘ఖనాత్’. కొండ పాదంలోని భూగర్భ జలాన్ని, కొద్దిపాటి వాలుతో తవ్విన సొరంగం గుండా, మోటారు లేకుండా ఊళ్లకు పారించే ఇరాన్ ఏర్పాటు అది. మట్టి తోడడానికి, గాలి ఆడడానికి పైనుంచి వరుసగా బావుల్లాంటి గుంతలు ఉంటాయి. ఇటువైపు బీదర్‌లోనూ అలాంటిది ఉంది. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన జిల్లా మనది, ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిన జిల్లా. ఇలాంటి పదాన్ని పోటీ పరీక్షల గైడ్లు ‘ఒక రకం కాలువ’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలకు బొమ్మ గీసి చెప్పాల్సిన పదం.

ఇక క్యూ, ఐ రెండే అక్షరాలతో రాసే ‘చీ’ చైనావాళ్లు చెప్పే ప్రాణశక్తి. ఆటలో బాగా ఆదుకుంటుంది. ‘ఖాత్’ యెమెన్‌లో నమిలే ఆకు. ఈ రెండూ మన వీధుల్లో వినబడవు కాబట్టి వీటిని మాత్రం నేర్చుకోవాల్సిందే.