అమ్మకు అండాశయ క్యాన్సర్.. జీన్ టెస్ట్ ముందు ఎవరికి?

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఈమధ్యే తిరుపతిలో మా అమ్మకు (58) అండాశయ క్యాన్సర్ ఆపరేషన్ చేశారు. మా పెద్దమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అమ్మానాన్నలది మేనరికం. అమ్మకు రక్తంతో ఒకటి, గడ్డ ముక్కతో ఒకటి, రెండు జీన్ టెస్టులు రాశారు. రెండూ అవసరమా? నాకూ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. నేనూ చేయించుకోనా?

జవాబు: చేయించుకోవచ్చమ్మా, కానీ ముందు అమ్మగారి రిపోర్ట్ రానివ్వండి. చాలామంది జబ్బు పడిన తల్లిని ఇంట్లో ఉంచి, భయంతో కూతురి రక్తం ఇస్తారు. అందులో ఏమీ లేదని వచ్చినా పూర్తి ధైర్యం చెప్పలేం. అమ్మలో ఫలానా జీన్‌లో తేడా ఉందని తేలితే, మీకు ఆ ఒక్కచోట చూస్తే చాలు. ఖర్చూ తగ్గుతుంది, జవాబూ కచ్చితంగా వస్తుంది.

ఇక ఆ రెండు టెస్టులూ ఒకటి కాదు. పుట్టుకతో వచ్చిన మార్పును రక్తంలో చూస్తారు. ఇందులో బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జీన్లు ముఖ్యమైనవి. వీటిలో తేడా ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. ఇప్పుడు వీటితోపాటు ఆర్ఏడీ51సీ, బ్రిప్1, లించ్ సిండ్రోమ్ (పేగు, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే వంశపారంపర్య సమస్య) జీన్లను కూడా కలిపి ప్యానెల్‌గా చేస్తున్నారు. గడ్డ ముక్కలో చూసేది క్యాన్సర్ కణాల్లోని మార్పులను. హెచ్‌ఆర్‌డీ టెస్ట్ అంటారే, అది ఇదే. దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకునే శక్తి క్యాన్సర్ కణాల్లో తగ్గిందా అని ఇందులో చూస్తారు. ఒలాపరిబ్ లాంటి మాత్రలు అమ్మకు ఎంతవరకు పనికొస్తాయో దీన్ని బట్టి అంచనా వేస్తారు. గడ్డలో మాత్రమే ఉండి రక్తంలో లేని మార్పు పిల్లలకు రాదు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను పెథాలజీ ల్యాబ్‌లో మైనంలో పెట్టి చిన్న దిమ్మెలా దాస్తారు. బ్లాక్ అని అడిగితే ఇస్తారు, జీన్ టెస్ట్ చేసే ల్యాబ్‌కు జాగ్రత్తగా తీసుకెళ్లండి.

మేనరికం గురించి బాధపడకండి. బీఆర్‌సీఏ మార్పు తల్లి, తండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. అమ్మకు ఉంటే మీకు వచ్చే అవకాశం సగం. మీ అన్నదమ్ములకూ అంతే.

మామూలుగా నూటికి ఒకరికి వచ్చే అండాశయ క్యాన్సర్, బీఆర్‌సీఏ1లో తేడా ఉన్నవారిలో జీవితకాలంలో 39 నుంచి 58 మందికి, బీఆర్‌సీఏ2 అయితే 13 నుంచి 29 మందికి వస్తుంది. ఏటా స్కాన్, సీఏ-125 అనే రక్తపరీక్ష చేయించుకుంటే చాలనుకోవద్దు, అవి తొలిదశలో నమ్మకంగా పట్టుకోలేవు. అందుకే బీఆర్‌సీఏ1 ఉంటే, పిల్లలు చాలనుకున్నాక, 35-40 ఏళ్ల మధ్య అండాశయాలు, ట్యూబులు తీయించుకోమంటాం. రిపోర్ట్‌లో 'వీయూఎస్' అని ఉంటే మాత్రం అది అర్థం తేలని మార్పు. దాన్ని చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.

జెనెటిక్ కౌన్సెలింగ్‌కు (జీన్ టెస్టుల గురించి నిపుణుల సలహాకు) వెళ్లేటప్పుడు అమ్మవైపు, నాన్నవైపు ఎవరికి ఏ క్యాన్సర్ ఏ వయసులో వచ్చిందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఈలోగా కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం రెండు మూడు వారాలు వదలకపోతే గ్యాస్ మాత్రలతో సరిపెట్టక గైనకాలజిస్ట్‌కు చూపించుకోండి.