కోడింగ్ రాకపోతే ఐటీలో ఉద్యోగం ఉండదా?

ఉంటుంది. ఐటీ అంటే ప్రోగ్రాములు రాయడమొక్కటే అనుకోవడం వల్ల వచ్చే సందేహం ఇది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్లు, సర్వర్లు ఆగిపోకుండా చూసే అడ్మిన్లు, నెట్‌వర్క్ ఇంజనీర్లు, వాడేవాళ్లకు ఏం కావాలో కనుక్కుని రాసిపెట్టే బిజినెస్ అనలిస్టులు, వీళ్లందరిదీ ఐటీ పనే.

అలాగని కోడ్ అంటే ఒక్క ముక్క కూడా తెలియకుండా ఎక్కువ దూరం వెళ్లలేరు. టెస్టింగ్‌లోనే చూడండి, ఆటోమేషన్ (పరీక్షలను ప్రోగ్రాముతో నడిపించడం) వచ్చా అని అడగని ఇంటర్వ్యూలు తక్కువ. కాబట్టి కొంచెమైనా నేర్చుకోక తప్పదు.

నన్నడిగితే ఎస్‌క్యూఎల్‌తో, అంటే డేటాబేస్‌ను అడిగి కావాల్సిన సమాచారం రాబట్టే భాషతో మొదలుపెట్టండి. డేటాను పట్టికలుగా అమర్చే పద్ధతిని 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించారు. దాని ఆధారంగా ఐబీఎంలో పుట్టిన భాష ఇది. ప్రోగ్రాములు కట్టడానికి వాడే ఎన్నో ఫ్రేమ్‌వర్కులు వచ్చి పోయాయి, ఇది మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. పైగా టెస్టర్‌కీ, అనలిస్టుకీ, డెవలపర్‌కీ ముగ్గురికీ పనికొస్తుంది. ‘ఆర్డర్ పెట్టి డబ్బు కట్టనివాళ్లు ఎవరు?’ అన్న ప్రశ్నకు రెండు టేబుళ్లు కలిపి జవాబు రాబట్టగలిగితే మంచి పట్టు దొరికినట్టే. ఆ తర్వాత సర్వర్లలో ఎక్కువగా నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లు, కోడ్‌లో చేసిన మార్పులను దాచిపెట్టే గిట్, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ భాష. అన్నీ ఒకేసారి పెట్టుకుని టెన్షన్ పడొద్దు.

ఇక సర్టిఫికెట్లంటారా? నెట్‌వర్కింగ్‌లో సిస్కో కంపెనీ ఇచ్చే సీసీఎన్ఏ లాంటివాటికి విలువ ఉంది. ప్రోగ్రామింగ్ వైపు వెళ్తే మాత్రం సర్టిఫికెట్ కన్నా మీ చేత్తో కట్టి, నడిపి చూపించే చిన్న ప్రాజెక్టుకే బరువెక్కువ.