సింక్ కింద మాత్రం ఎండీఎఫ్ వద్దండీ

మియాపూర్ ఫ్లాట్‌లో కిచెన్, వార్డ్‌రోబ్‌లు అన్నీ ఎండీఎఫ్‌తోనే (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) చేయించవచ్చా అని అడిగారు కదండీ. వార్డ్‌రోబ్ తలుపులకైతే సరే. పెయింట్ నున్నగా పడుతుంది. సింక్ కింద మాత్రం వద్దు. మా ఇంట్లో అక్కడ పార్టికల్ బోర్డు (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పలక) పెట్టించాం, పైపు కారి అడుగుపలక పూరీలా ఉబ్బింది. నీళ్లు తగిలితే ఎండీఎఫ్ కూడా అలాగే ఉబ్బుతుంది.

అక్కడ 18 ఎంఎం బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లను తట్టుకునే) ప్లైవుడ్, అంటే ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ఉన్న రకం తీసుకోండి. దాని జిగురు 72 గంటలు మరిగే నీళ్లలోనూ విడిపోకూడదన్నది నియమం. బిల్లు మీద రాసింది నమ్మకుండా, షీటు మీద ఐఎస్‌ఐ ముద్ర మీరే చూసుకోండి. ఎంఆర్ రకం ప్లైవుడ్ గాలిలోని తేమను ఆపుతుంది కానీ నీళ్లను కాదు. బట్టల అరలకు అది చాలు. అర మూడడుగులు దాటితే మధ్యలో నిలువు పలక వేయించండి, లేకపోతే చీరల బరువుకు వంగుతుంది. ఏ బోర్డయినా కోసిన అంచులన్నిటికీ, వెనకవైపు కూడా, ఎడ్జ్ బ్యాండింగ్ (అంచును మూసేలా సన్నని పట్టీ అతికించడం) చేయించండి. కార్పెంటర్ 'అక్కడెవరు చూస్తారు సార్' అంటాడు, వినకండి.